చెవి లేని తాళం

అక్క ఫోను చేసినప్పుడు తాళాలాయన చేతిలో ఆకురాయితో సగం రుద్దిన తాళంచెవి ఒకటి ఉంది. ఎండ అప్పటికే దుకాణం మెట్ల మీదికి ఎక్కింది.

"వాడు మొన్న సాయంత్రం నుంచి తలుపు తియ్యట్లేదురా," అంది ఆవిడ. "పిలిస్తే పలుకుతున్నాడు. నీళ్ళు తాగావా అంటే మాత్రం జవాబు లేదు. నా దగ్గరున్న తాళంచెవి పెడదామంటే తలుపుకి అసలు కన్నమే లేదు. ఏం చేసుకున్నాడో ఏమిటో, ఇనప రేకు బిగించి ఉంది."

ఏం చేసుకున్నాడో కాదు, ఎవరు చేశారో తాళాలాయనకు తెలుసు. ఆ రేకు బిగించింది తనే. ఆ మాట ఫోనులో చెప్పలేదు. వస్తున్నానని మాత్రం అన్నాడు. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయలుదేరాడు, దుకాణానికి షట్టరు దించానో లేదో కూడా సగం దారి పోయాక గుర్తుకు రాలేదు.

ఆ ఇద్దరు స్నేహితుల సంగతీ ఇక్కడ చెప్పాలి, లేకపోతే ఆయన అంత హడలిపోవడం ఎందుకో తెలియదు. లోపలున్నవాడు, అంటే ఆ అక్క తమ్ముడు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. మాట్లాడేటప్పుడు రెండు మాటలకొకసారి ఆగుతాడని బళ్ళో చదివే రోజుల్లోనే అతనికి 'కామా' అని పేరు పెట్టింది తాళాలాయనే. దానికి బదులుగా, తాళాలాయన చేటల్లాంటి చెవులు చూసి కామా ఆయనకి 'చెవులు' అని పేరు పెట్టాడు. ఆ తర్వాత చెవులుగారు తాళంచెవులు చేసే పనిలోనే చేరితే, చూశావా, నేను ముందే అచ్చేయించాను అని కామా నెలరోజులు మురిసిపోయాడు.

పదకొండేళ్ళ కిందట కామాకి జబ్బు చేసింది. స్కిజోఫ్రీనియా అన్నాడు డాక్టరు. లేని గొంతులు వినిపిస్తాయి, లేని మనుషులు వెంటపడుతున్నట్టుంటుంది, మీకు ఈ బల్ల ఎంత నిజమో అతనికి అవి అంత నిజం అని అక్కనీ తాళాలాయననీ కూర్చోబెట్టి చెప్పాడు. మాత్రలతో మనిషి కుదుటపడ్డాడు. మళ్ళీ పనిలో చేరాడు. ఆదివారాలు అక్క, బుధవారాలు తాళాలాయన వంతులు వేసుకుని వెళ్ళి చూసి వచ్చేవారు. చూడ్డమంటే పెద్దగా ఏమీ లేదు, కాసేపు పేకాడటం, మాత్రల అట్ట ఖాళీ అవుతోందా లేదా అని ఓరకంట గమనించడం.

ఆ మాత్రలకి చెయ్యి వణికేది, రెప్పలు బరువెక్కేవి. కామా వరుస కింద స్కేలు పెట్టి అక్షరం అక్షరం చూసే మనిషి. ఈ మధ్య రెండు తప్పులు అతని కన్నుగప్పి అచ్చయిపోయాయి. ప్రెస్సు యజమాని ఏమీ అనలేదు. ఆ రెండు చోట్లా ఎర్ర సిరాతో చుట్టి, పేజీలు అతని బల్ల మీద పెట్టి వెళ్ళాడు. అంతకంటే తిట్టినా బాగుండేది. కామా ఆ రోజు నుంచి మాత్రలు మింగడం మానేసి, అట్టలోంచి తీసి పారెయ్యడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే ఇనప బీరువాలు తయారుచేసేవాళ్ళ చిన్న పుస్తకమొకటి దిద్దడానికి వచ్చింది. అందులో 'తాళంచెవి' అన్న మాటని ప్రతిచోటా విడగొట్టి, తాళం ఒకచోట, చెవి ఒకచోట కూర్చారు. మామూలుగా అయితే రెండు ముక్కలకీ మధ్య చిన్న వంపుగీత గీసి కలిపేసి ముందుకు పోయేవాడు. ఆ రోజు పోలేకపోయాడు. తాళం పక్కన చెవిని విడిగా ఎవరు కూర్చోబెట్టారు, అది ఏం వింటోంది అని ఆలోచనలో పడ్డాడు. వారం తిరిగేసరికి ప్రతి తాళానికీ చెవి ఉంది, అది ఇంట్లో మాటలు విని ఎవరికో చేరవేస్తోంది. పక్షం తిరిగేసరికి కుళాయి గొట్టాలకి కూడా ఆ విద్య వచ్చేసింది.

ఆ బుధవారం కామా పేక ముక్కలు బయటికి తీయలేదు. తాళాలాయనని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, చెవి లేని తాళం కావాలన్నాడు. లోపల్నుంచి తప్ప ఎటునుంచీ తెరుచుకోకూడదు. బయట కన్నం ఉండకూడదు. అక్కకి చెప్పకూడదు.

జబ్బు తిరగబెట్టిందని తాళాలాయనకి అక్కడే అర్థమైంది. అర్థం కాలేదని ఆయన అన్నా నేను నమ్మను. చిన్ననాటి స్నేహితుడి కళ్ళు చూస్తే తెలియదా? వెంటనే అక్కకి చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. కానీ ఆయనకి పుట్టుకతోనే మొహమాటం. అడిగినవాడికి లేదనలేడు, ఎదుటివాడి మొహం చిన్నబోతే తట్టుకోలేడు. దానికి తోడు భయం. పదకొండేళ్ళ కిందట, అవన్నీ నీ భ్రమ అని మొహం మీద అన్నాడని అక్క మొగుడితో కామా ఈనాటికీ మాట్లాడడు. తను కూడా అలా అంటే బుధవారాలు పోతాయి, మనిషే పోతాడు అనుకున్నాడు. సరేరా, చేసిపెడతాను అన్నాడు.

చెప్పడానికి నాకే ఒళ్ళు మండుతుంది, ఆ పనిలో పనితనం కూడా చూపించాడు. తలుపుకి లోపలివైపు ఒక పిడి. అది తిప్పితే పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి, మూడు గడియలు ఒక్కసారి ద్వారబంధంలోకి దిగుతాయి. బయటివైపు పాత కన్నం మూసేసి నున్నటి రేకు. గోరు దూర్చడానికి కూడా సందు లేదు. కామా ఆ పిడి నాలుగుసార్లు తిప్పి చూసుకుని, పక్క మీద పడి పసిపిల్లాడిలా నిద్రపోయాడు. ఎన్ని రోజులయిందో వాడు నిద్రపోయి అనుకుంటూ తాళాలాయన చప్పుడు కాకుండా పనిముట్లు సర్దుకున్నాడు. కామాని లేపి, తలుపు వేసుకోమని చెప్పి మరీ ఇంటికి వెళ్ళాడు.

ఇది జరిగి తొమ్మిది రోజులు. మధ్యలో వచ్చిన ఆదివారం అక్క ఊళ్ళో లేక వెళ్ళలేదు. మధ్యలో వచ్చిన బుధవారం, ఒంట్లో బాగాలేదు రావద్దు అని కామా తలుపు అవతలినుంచే చెప్పాడు. తాళాలాయన సరేనని వెనక్కి వచ్చేశాడు.

మూడో అంతస్తు మెట్ల మీద అక్క నీళ్ళసీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది, అక్కడ వేసుకునే తెల్లకోటు విప్పకుండానే వచ్చేసింది. తాళాలాయన ఆవిడ పక్కన నిలబడి, రేకు బిగించింది నేనే అక్కా అని చెప్పాడు. ఎప్పుడు, ఎందుకు, అంతా చెప్పాడు. ఆవిడ కళ్ళార్పకుండా అతని మొహంలోకి చూసింది.

"తర్వాత తిడతాను," అంది. "ముందు తెరిచే దారి చెప్పు."

అత్యవసర నంబరుకి అప్పటికే ఫోను చేసింది. అవతల మాట్లాడినావిడ నిదానంగా అన్నీ అడిగిందట. చేతిలో ఏమైనా ఉందా, చచ్చిపోతానని అన్నాడా, నీళ్ళు ఎప్పుడు తాగాడు. వినిపిస్తున్నవాటి గురించి వాదన పెట్టుకోవద్దంది, అవునని తలూపొద్దని కూడా అంది. అంబులెన్సు బండి రావడానికి నలభై నిమిషాలు పడుతుంది. తలుపు లోపల్నుంచి వేసి ఉంది కాబట్టి పోలీసులు కూడా వస్తారు, పగలగొట్టి తీస్తారు.

పోలీసులు అన్న మాట దగ్గర అక్క మెట్ల కిందికి తొంగి చూసింది. పోయినసారి అలాగే బూట్లతో తన్ని తలుపు తెరిచి, లోదుస్తుల మీదే అతన్ని మెట్లమీదుగా ఈడ్చుకెళ్ళారు. మేడ మేడంతా వరండాల్లో నిలబడి చూసింది. జబ్బు నెమ్మదించినా, ఆ సిగ్గుతో అతను ఏడాదిపాటు గడప దాటలేదు. వాళ్ళు వచ్చేలోగా నువ్వు తెరవగలవా అని అక్క అడుగుతోంది. తెరవలేకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఈ ఎండల్లో రెండు రోజులుగా నీళ్ళు తాగని మనిషి ఇంకా ఎన్ని గంటలు ఉంటాడో మాత్రం ఇద్దరికీ తెలియదు.

తాళాలాయన తలుపు దగ్గరికి వెళ్ళాడు. నడుముకి వేలాడే తాళంచెవుల గుత్తి గలగలమంది.

"ఎన్ని చెవులు తెచ్చావు?" అన్నాడు కామా లోపల్నుంచి.

గొంతు బొంగురుపోయింది, నాలుక అంగిలికి అంటుకుపోతున్నట్టు మాట తడబడుతోంది. తాళాలాయన గుత్తి విప్పి అక్క చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కొంగులో చుట్టి కిందికి తీసుకెళ్ళింది. పంపించేశానురా, ఇప్పుడు నా దగ్గర ఏమీ లేవు అన్నాడు.

"నీ పేరే చెవులు కదా నిన్నెలా పంపిస్తావు వాళ్ళే పెట్టారేమో ఆ పేరు నా నోటితో పెట్టించారేమో నాకేం తెలుసు," అన్నాడు కామా.

ఆ మాటల్లో ఎక్కడా ఆగలేదు. రెండు మాటలకొకసారి ఆగే మనిషి ఒక్క ఊపిరిలో గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే తాళాలాయన కంగారుపడ్డాడు. ఆ కంగారులో, చెయ్యొద్దన్న పనే చేశాడు. తాళాలు వినవురా, నేను చెబుతున్నాను కదా, ముప్పై ఏళ్ళుగా అదే పనిలో ఉన్నాను, ఏ తాళమూ ఏదీ వినదు అని బతిమాలాడు.

"మరి ఇది ఎందుకు చేశావు?" అన్నాడు కామా. "అంతవరకు నాకు అనుమానమే సగం నమ్మాను సగం లేదు నువ్వు టేపు పెట్టి కొలిచి రేకు బిగించి వెళ్ళావు చూడు అప్పుడు ఖాయమైపోయింది తాళాల సంగతి నీకంటే ఎవడికి తెలుసు."

తాళాలాయన తొమ్మిది రోజులుగా తను చేసింది మేలని అనుకుంటున్నాడు. మహా అయితే పనికిమాలిన మేలు అనుకున్నాడు. లోపల ఊగిసలాడుతున్నవాణ్ణి తన చేత్తోనే అటువైపు నెట్టానన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పుడు నిజం చెబితే తను కూడా 'వాళ్ళలో' ఒకడైపోతాడు. వాడు ఇంకెప్పుడూ తన మాట వినడు, పలకడం కూడా మానేస్తాడు. చెప్పకపోతే, లోపలివాడికి తను చేసిన తాళమే సాక్ష్యం.

"నేను నమ్మలేదురా," అన్నాడు. "అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మట్లేదు. నీకు వినిపిస్తున్నవి నాకు వినిపించవు. కాదంటే నీకు కోపమొస్తుందని, నన్ను దూరం పెడతావని భయపడి చేశాను. నీతో అబద్ధమాడాను."

జవాబు రాలేదు. పిలిచాడు, రాలేదు. మళ్ళీ పిలిచాడు. తలుపు మీద తట్టాడు. అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని తలుపుకి చెవి ఆనించి విన్నాడు. మొదట తన గుండె చప్పుడే వినిపించింది. తర్వాత, చాలా దగ్గరగా, గరగరమంటూ ఊపిరి. కామా తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. ఊపిరి వినిపిస్తున్న చోటుని బట్టి, తల సరిగ్గా పిడి మీద ఆనించి ఉంది.

తెరిచే దారి ఒక్కటే. మూడు గడియలూ వచ్చి కలిసే కీలు ఆ పిడి వెనకే ఉంది. రేకులోంచి, అంగుళంన్నర చెక్కలోంచి డ్రిల్లు దింపి ఆ కీలుని తెంపితే అన్నీ ఒక్కసారి జారిపోతాయి. తలుపు లోపలికి తెరుచుకునేది, బందులు కూడా లోపలే ఉన్నాయి, ఇంకో ఉపాయం లేదు. అంటే, కూర్చున్న మనిషి తల ఎక్కడుందో డ్రిల్లు మొన అక్కడికే పోవాలి.

డ్రిల్లు మొన మీద అంగుళంన్నర కొలిచి, అంతవరకు దింపొచ్చని గుర్తుగా తెల్లటి టేపు చుట్టాడు. ఏది చేసినా ముందు చెప్పి చేస్తాను, చెప్పనిది చెయ్యను అని తలుపుకి చెప్పాడు. ఇప్పుడు మిషను చప్పుడు వస్తుంది, ఇది రేకు వరకే అన్నాడు. రేకు తెగింది. ఇప్పుడు చెక్కలోకి అరంగుళం అన్నాడు. ఆగాడు. జరగరా అన్నాడు. పలుకు లేదు. ఇంకో అరంగుళం అన్నాడు. చెక్కపొట్టు అతని మోకాళ్ళ మీద రాలుతోంది. ఒళ్ళంతా ముచ్చెమటలు పట్టి మిషను పిడి చేతిలో జారుతోంది. తెల్లటి టేపు రేకు అంచుకి వేలి మందం దూరంలోకి వచ్చింది.

కిందినుంచి అక్క కేకేసింది, బండి వీధి మలుపు తిరిగింది, వెనకాల ఇంకో బండి ఉంది అని. తాళాలాయన మిషను ఆపేశాడు.

"కామా, ఇంకొంచెం నొక్కితే మొన అటువైపుకి వస్తుంది," అన్నాడు. "నీ తల అక్కడే ఉంది, నాకు తెలుసు. నువ్వు జరిగానని చెబితే తప్ప నేను నొక్కలేను. నొక్కకపోతే వాళ్ళు వచ్చి తన్ని తెరుస్తారు. నాకు చచ్చేంత భయంగా ఉందిరా."

మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. ఒకటో అంతస్తు. అక్క వాళ్ళకి అడ్డం నిలబడి ఏదో చెబుతోంది, రెండు నిమిషాలు, రెండే నిమిషాలు అంటోంది.

లోపల గుడ్డ నేల మీద రాసుకున్న చప్పుడైంది.

"ఆగు," అన్నాడు కామా. ఆ తర్వాత, "జరిగాను," అన్నాడు.

నిజంగా జరిగాడా, జరిగానని అనుకుంటున్నాడా? అది తెలుసుకునే దారి లేదు. తాళాలాయన మళ్ళీ చెవి ఆనించాడు, ఊపిరి దూరంగా ఉన్నట్టే అనిపించింది. కళ్ళు మూసుకుని మీట నొక్కాడు. చెక్క అయిపోయింది, మొన ఇనుముకి తగిలి కీచుమంది, లోపల ఏదో ఫెళ్ళున తెగి మూడు గడియలూ ధడేల్మని జారాయి. ఆ చప్పుడుకి కేక వినిపిస్తుందేమోనని ఊపిరి బిగబట్టాడు. వినిపించలేదు.

తలుపు తోసేసరికి కామా గోడవారగా ఉన్నాడు. పెదాలు పగిలి నెత్తురు కట్టాయి, కళ్ళు గుంటల్లోకి పోయాయి. కుళాయికి తువ్వాళ్ళు చుట్టి తాడుతో బిగించి ఉన్నాయి. అక్క నీళ్ళసీసా అందిస్తే మొహం పక్కకి తిప్పుకున్నాడు. తాళాలాయన సీసా తీసుకుని ముందు తను తాగాడు, మెడ వెంట కారుతున్నా తుడుచుకోకుండా సగం తాగి, కింద పెట్టాడు. కామా దాన్నే చూస్తూ కూర్చుని, చివరికి ఒక గుక్క తాగాడు. పోలీసులు గుమ్మం అవతలే ఉండిపోయారు. కామా చొక్కా వేసుకుని, అక్క చెయ్యి పట్టుకుని, తన కాళ్ళ మీద తనే నడిచి మెట్లు దిగాడు. బండి ఎక్కబోతూ తాళాలాయన వైపు తిరిగి నువ్వు రావద్దు అన్నాడు.

అక్క అన్నట్టే తర్వాత తిట్టింది. ఆస్పత్రి వరండాలో, అందరూ చూస్తుండగా, కడుపారా తిట్టింది. తిట్టడం అయ్యాక డాక్టరు చెప్పినవి చెప్పింది. సెలైను ఎక్కిస్తున్నారు, చెయ్యి వణకని మందు ఇంకొకటి ఉందట, అది మొదలుపెట్టారు, పనిచేస్తుందో లేదో చెప్పడానికి రోజులు పడుతుంది. తాళాలాయన బుధవారం వెళ్ళి వార్డు బయట బెంచీ మీద కూర్చుని వచ్చాడు. రెండో బుధవారం కూడా కూర్చుని వచ్చాడు. ఇక పిలవడని మనసుకి నచ్చజెప్పుకోవడం మొదలుపెట్టాడు, కానీ మనసు వినలేదు.

మూడో బుధవారం నర్సు బయటికి వచ్చి, లోపలికి రమ్మంటున్నారు అంది.

కామా మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం నున్నగా గీయించారు. కూర్చోమనలేదు. తలుపు ఊసెత్తలేదు. కాసేపు తల పక్కకి వంచి ఏదో విన్నాడు.

"ఇప్పుడు, ఎవరైనా మాట్లాడారా?" అని అడిగాడు.

"లేదు," అన్నాడు తాళాలాయన.

కామా తలూపాడు. ఇంకాసేపయ్యాక, "ఇప్పుడు?" అన్నాడు.

"ఇప్పుడు మాట్లాడారు. పక్కమంచం ఆయన దుప్పటి అడిగాడు."

దానికీ తలూపాడు. అలా పావుగంట గడిచింది. లేదు అన్న ప్రతిసారీ, ఈసారి మొహం తిప్పేసుకుంటాడని తాళాలాయన గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాడు.

"డాక్టరు లేదంటే, అది ఆయన ఉద్యోగం అనుకుంటాను," అన్నాడు కామా. "అక్క లేదంటే, నా మీద ప్రేమకొద్దీ అంటోంది అనుకుంటాను. నువ్వు, అబద్ధమాడానని నీ అంతట నువ్వే ఒప్పుకున్నావు. అందుకని, పిలిపించాను." తర్వాత చాలాసేపు దుప్పటి అంచు మడతపెడుతూ ఉండి, తలెత్తాడు. "నేనంటే, నీకు భయమా?"

లేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. మొహమాటం ఎక్కడికి పోతుంది, ఆయనతో పాటే పోవాలి. ఆ మాటని మింగడానికి తాళాలాయనకి కాస్త సమయం పట్టింది.

"ఉంది," అన్నాడు.

కామా కాళ్ళు ముడుచుకుని మంచం మీద చోటు చేశాడు.

"నాక్కూడా," అన్నాడు. "కూర్చో."